అప్పు సంగతి ముందు ఇంట్లో తెలియాలి

మాఘ, ఫాల్గుణ మాసాలలో చిలకలూరిపేట నుండి గుంటూరు దాకా ప్రయాణించినవారైతే, కల్లాలలో ఎండుతున్న మిరపకాయలను మీరు చూసే ఉంటారు. దారిన పోయేవారికి ఆ ఎర్రదనం ముచ్చటగా కనిపిస్తుంది. రైతుకు మాత్రం అది నిద్ర పట్టని కాలం. మబ్బు పట్టినా భయమే, యార్డులో ధర జారినా భయమే. పురుగుమందుల కొట్టులో అరువెంతో, కమీషన్ వ్యాపారి వద్ద తెచ్చిన పెట్టుబడి ఎంతో, కౌలు బాకీ ఎంతో అతనికి తెలుసు, కొట్టు గుమాస్తాకూ తెలుసు. తెలియనిది భార్యకే.

"ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పలేదండీ" అన్న వాక్యాన్ని ఆసుపత్రి వరండాలలో విన్నన్నిసార్లు నా వృత్తిజీవితంలో మరే వాక్యాన్నీ వినలేదు.

మన ప్రాంతానికి ఈ దుఃఖం కొత్తది కాదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినా అది లొంగలేదు. నిజానికి కొన్ని మందుల అతివాడకమే దానిని పెంచింది. అప్పుల పాలైన పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత 2017లో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. 2021-22లో తామర పురుగు మిరప తోటలను ఎండగట్టింది. ప్రతి దెబ్బా ముందు పొలానికి తగిలింది, వెనువెంటనే ఇంటికీ తగిలింది.

"డాక్టరు మాటలు చెబితే మిర్చి ధర పెరుగుతుందా?" అని మీరు అడగవచ్చు. పెరగదు. గిట్టుబాటు ధర, కౌలు రైతుకు బ్యాంకు రుణం, పంట బీమా, వీటి బాధ్యత ప్రభుత్వాలదే. ఆ బాధ్యతను మానసిక ఆరోగ్యం అనే మాట చాటున దాచడానికి నేను ఒప్పుకోను. కానీ ఒకే ఊరిలో, ఒకే పురుగు వల్ల, ఇంచుమించు ఒకే అప్పుతో నష్టపోయిన ఇద్దరిలో ఒకరు నిలబడి, మరొకరు కూలిపోవడం నేను చూశాను. నిలబడినవారి ఇళ్ళలో చాలాసార్లు కనిపించినది ఒకటే: అప్పు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

మగవాడు చెప్పకపోవడానికి కారణం అహంకారమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది ఎక్కువగా సిగ్గు. పెళ్ళికి పెట్టిన బంగారం తాకట్టులో ఉన్నదని చెప్పడానికి నోరు రాదు. ఆ మౌనం కడుపులో మంటగా, నడుము నొప్పిగా, తెల్లవారుజామున మూడింటికే తెలివి రావడంగా బయటపడుతుంది. గ్యాస్ మాత్రలు కొనుక్కుంటారు. ఊరకనే పిల్లలను కసురుకుంటారు. కొందరు తాగుడుకు అలవాటు పడతారు. భార్య దానిని తన మీద కోపమనుకుని తానూ మాట్లాడటం మానుతుంది. పగలంతా మిరప కోతలకు వంగి, రాత్రి ఆ మౌనాన్ని కూడా మోసే స్త్రీకి కుంగుబాటు రాదని ఎవరు చెప్పగలరు? ఆమెను మాత్రం ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు.

ఆత్మహత్యకు "పాల్పడ్డాడు" అని పత్రికలు వ్రాస్తాయి. దొంగతనానికీ అదే మాట. ఈ మాట నాకు నచ్చదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షించరాదని చెబుతుంది. కేసు అవుతుందన్న భయంతో, పరువు పోతుందన్న భయంతో, ఇంట్లోనే ఏవో చిట్కాలు చేసి అమూల్యమైన గంటలు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను. దయచేసి మీరు అలా చేయకండి.

మరొక మాట. ప్రాణం తీసుకోవాలన్న తలంపు అనేకులలో ఒక ఉప్పెనలా వచ్చి, కొద్దిసేపటికి తగ్గిపోతుంది. ఆ కొద్దిసేపు చేతికందే దూరంలో విషం లేకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తరువాత అక్కడి ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. మన ఇళ్ళలో మందు డబ్బాలు మంచం క్రిందనో, వంటింటి మూలనో ఉంటాయి. వాటిని ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో పెట్టించండి. తాళంచెవి ఎక్కువ దిగులుగా ఉన్నవారి వద్ద కాక మరొకరి వద్ద ఉండాలి.

"చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని పెద్దలు భయపడతారు. అది అపోహ. అడిగినందువల్ల చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. కుంగుబాటుకు ఇచ్చే మందుల గుణం తెలియడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "పని చేయలేదు" అని ఆపివేయకూడదు.

ఈసారి టిక్కీలు అమ్మి యార్డు నుండి ఇంటికి వచ్చిన రాత్రి, వ్యాపారి ఇచ్చిన లెక్కల కాగితాన్ని చొక్కా జేబులో దాచకండి. భోజనాలయ్యాక దీపం క్రింద పరచి, భార్యతో, ఎదిగిన పిల్లలతో కలిసి చదవండి. ఆ రాత్రి ఎవరూ ఎవరినీ నిందించకూడదని ముందే మాట తీసుకోండి. అప్పు ఎలా తీర్చాలన్నది మర్నాడు మాట్లాడుకోవచ్చు.