ఆరేండ్ల పని, ఎనిమిది నెలల కాగితం

మొన్న బోనకల్ స్టేషన్‌ల ప్యాసింజర్ కోసం కూసుంటే మా ఊరి పిల్లగాడొకడు వచ్చి పక్కన కూసున్నడు. బీటెక్ ట్రిపుల్‌ఈ చదివిండు. ఆరేండ్ల నుంచి ఒక పెద్ద ప్లాంటుల కంట్రోల్ రూం డ్యూటీ. ఫోన్ నా చేతిల పెట్టి, "బాబాయ్, ఈ ఫారం ఒక్కసారి చూడు" అన్నడు.

ఎంటెక్ అప్లికేషన్. ఉద్యోగం చేసేటోళ్లకు ఉండే కోటా. పేరు, మార్కులు, కులం సర్టిఫికెట్ అన్నీ నింపిండు. ఒక్క గడి కాడ ఆగిపోయిండు. అనుభవం ఎన్నేండ్లు, ఏ సంస్థ, ఏ హోదా, అధికారి సంతకం, ముద్ర.

ఆరేండ్లుగా అదే గది, అదే కుర్చీ, అదే ప్యానెల్. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారిన్రు. టెండరు మారినప్పుడల్లా పాతాయన పోతడు, కొత్తాయన వస్తడు. మనిషి అక్కడ్నే ఉంటడు. ఇప్పుడున్న కాంట్రాక్టరు లెటర్ ఇస్తనన్నడు గానీ, ఆయన వచ్చి ఎనిమిది నెలలే. కాబట్టి ఎనిమిది నెలలే రాస్తడట. పాతోళ్లిద్దరూ ఫోన్ ఎత్తరు. ప్లాంటోళ్లను అడిగితే "నువ్వు మా ఉద్యోగివి కాదు గదా" అన్నరట. ఏ ఫీడరు ఎందుకు ట్రిప్పయిందో రిలే మీద ఫ్లాగు చూసి చెప్పే మనిషి వీడు. రాత్రి రెండింటికి లైన్ పడిపోతే వీడి పేరే పిలుస్తరు. సర్టిఫికెట్ అడిగినప్పుడే ఎవడివి నువ్వు అంటరు.

నేను ఇంజినీరింగు చదివినోణ్ణి కాదు, ఇంటరే సక్కగా పూర్తిచెయ్యలే. కానీ ఇరవై ఏండ్లుగా మంది దరఖాస్తులు నింపుతున్న. పింఛన్, పోడు పట్టా, కూలి బకాయి, ఏ ఫారమైనా మొదట అడిగేది నువ్వు చేసింది కాదు, దానికి సాక్ష్యం. ఎంటెక్ ఫారం గూడా గంతే.

పని చేసుకుంట పై చదువు చదవాలంటే దారులు ఎన్ని ఉన్నయో చూడండి. మొదటిది గేట్. వంద మార్కుల పరీక్ష, మూడు గంటలు, ఒకసారి వచ్చిన స్కోరు మూడేండ్లు చెల్లుతది. ఆ స్కోరుతోనే ఎన్‌ఐటీల సీట్లకు కేంద్రీకృత కౌన్సెలింగ్ జరుగుతది. 2026 గేట్‌కు ఫీజు 2000, ఆడపిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు 1000. గేట్ లేకపోతే మన రాష్ట్రంల పీజీఈసెట్ ఉంది. 120 మార్కులు, అర్హతకు 30 కావాలె, ఎస్సీ ఎస్టీలకు ఆ గీత లేదు. సీట్లు మాత్రం ముందుగాల గేట్ ఉన్నోళ్లకే పోతయి. ఈ రెండు దారుల్లో అనుభవం అడగరు. కానీ రోజూ క్లాసుకు పోవాలె, అంటే కొలువు వదలాలె. గేట్‌తో చేరిన ఫుల్‌టైమ్ విద్యార్థికి నెలకు 12,400 స్టైపెండ్. మనోడికి ఇప్పుడు చేతికొచ్చేది 18 వేలు. ఇంట్ల అమ్మ మందులు, చెల్లె ఫీజు వాటితోనే నడుస్తున్నయి.

రెండోది స్పాన్సర్డ్ సీటు. మామూలుగా రెండేండ్ల అనుభవం ఉండాలె, జీతంతో సెలవిచ్చి పంపుతున్నమని సంస్థ రాసియ్యాలె. ఇది పర్మినెంట్ ఉద్యోగి కోసం కట్టిన ఇల్లు. కాంట్రాక్టు మనిషికి జీతంతో సెలవు ఎవడిస్తడు? పండుగ రోజు సెలవు పెడితేనే కూలి కోస్తరు.

మూడోది పని చేసుకుంటనే చదివేది. బిట్స్ పిలానీ 1979 నుంచే ఇట్లాంటి కోర్సులు నడుపుతున్నది. ఐఐటీ హైదరాబాద్ లాంటివి గూడా ఉద్యోగస్తులకు ఎంటెక్‌లు పెట్టినయి. మంచిదే. కానీ ఫీజులు లక్షల్లో, పైగా బిట్స్‌లనైతే యజమాని ఒప్పుకున్నట్టు కాగితం. తిరిగి తిరిగి మళ్లీ అదే సంతకం కాడికి వస్తం.

డిప్లొమా చదివి కొలువు చేసేటోళ్ల కోసం ఏఐసీటీఈ 2023ల బీటెక్ దారి తెరిచింది. ఆ నిబంధన చదివితే నాకు నవ్వొచ్చింది. ఏడాది రెగ్యులర్ అనుభవం ఉండాలన్నరు, పనిచేసే సంస్థ కాలేజీకి 50 కిలోమీటర్ల లోపల ఉండాలని అప్పుడు పెట్టిన్రు. హైదరాబాద్‌ల ఉన్నోడికి 50 కిలోమీటర్ల చుట్టూ ఎన్ని కాలేజీలో లెక్కేలేదు. బోనకల్ నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లు దాటుతది. దమ్మపేట, చర్ల దిక్కు పోతే ఆ గీతల ఏముంది? అడవి ఉంది, గోదారి ఉంది.

ఇంకో దారి గూడా ఉంది, అది దారి కాదు గుంత. "పరీక్ష రాయక్కర్లేదు, ఇంట్ల కూసొని ఎంటెక్" అని వాట్సాప్‌ల తిరుగుతయి చూసిన్రా, గవి. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది, అనుమతి లేకుండ దూరవిద్యల ఇచ్చిన ఇంజినీరింగు డిగ్రీలు చెల్లవని. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల డిగ్రీలు ఆ తీర్పుల పడ్డయి. 2001 నుంచి 2005 మధ్య చేరినోళ్లవి సస్పెండ్ చేసి, మళ్లీ పరీక్ష రాసి గెలిస్తేనే అన్నరు. ఆ తర్వాత చేరినోళ్లవి రద్దే. అందుల మోసపోయింది ఎక్కువ ఎవరనుకున్నరు? పగలు పని చేసి రాత్రి చదువుకుందామనుకున్న మనసోంటోళ్లే. సక్కటి దారి మూసి పెడితే దొంగ దారికి గిరాకీ పెరగదా?

ఇక అసలు ముచ్చట. నేను ఆ పిల్లగానికి చెప్పిందే మీకూ చెప్తున్న.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ మెంబర్ ఐడీ మారుతది, యూఏఎన్ నంబరు మాత్రం మనిషికి ఒక్కటే ఉండాలె. ఈపీఎఫ్ఓ సైట్‌ల సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఎవరి కింద ఎప్పుడు చేరినవ్, ఎప్పుడు పోయినవ్ అన్నీ వరుసగా కనపడతయి. స్టేషన్‌లనే తెరిచి చూసినం. మూడు పేర్లు, ఒకదాని వెంట ఒకటి. నడుమ ఒక నెల ఖాళీ ఉంది. ఆ నెల గూడా డ్యూటీ చేసిండు వాడు, పీఎఫ్ కట్టలే, అది వేరే కొట్లాట. కొత్త కాంట్రాక్టరు తెలివి ఉపయోగించి ఇంకో యూఏఎన్ తీసిస్తే రెంటినీ కలిపించుకోవాలె, లేకపోతే సగం సర్వీసు గాలికి పోతది. గేట్ పాస్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, షిఫ్టు రోస్టర్ ఫొటో, ఏదీ పారెయ్యకండి.

రెండోది చట్టం. పాత కాంట్రాక్టు లేబర్ చట్టం కింద 1971ల చేసిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది, పని ముగిసినప్పుడు కాంట్రాక్టరు సర్వీస్ సర్టిఫికెట్ ఇయ్యాలని. యాభై ఏండ్లల ఎంతమందికి ఇచ్చిన్రో మీ నాయనను అడగండి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయి. మేం ఆ కోడ్‌లు వద్దని రోడ్డెక్కినోళ్లమే, ఇయ్యాలటికీ ఆ మాట మీదనే ఉన్నం. కానీ వచ్చిన చట్టంల పనికొచ్చే ముక్క ఉంటే దాన్ని వాడుకోకపోవడం తెలివి కాదు. వృత్తి భద్రత కోడ్ 56వ సెక్షన్ ఏమంటదంటే, కాంట్రాక్టు కార్మికుడు అడిగితే, చేసిన పని వివరాలతో కాంట్రాక్టరు అనుభవ పత్రం ఇయ్యాలె. ఎన్ని నెలలో ఒక్కటే కాదు, ఏం పని చేసిండో గూడా. మెలిక ఒకటుంది. 50 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోటనే ఆ భాగం వర్తిస్తది. పాత చట్టంల అది 20 ఉండె. చిన్న కాంట్రాక్టుల పిల్లలను అక్కడ్నే బయట నిలబెట్టిన్రు.

ఇట్లా కాగితం తెచ్చుకున్నా, కాలేజీ దాన్ని లెక్కల పెట్టుకుంటదన్న భరోసా లేదు. పీఎఫ్ లెక్క చూపిస్తే "ఇందుల హోదా లేదు" అంటరు, నిజమే, లేదు. అందుకే అడగాల్సింది ఒక్క కాంట్రాక్టరునే కాదు. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. చుట్టూ బొగ్గు గనులు, థర్మల్ ప్లాంట్లు, సారపాకల కాగితం మిల్లు. పనిచేసే ఇంజినీర్లు ఇంత దగ్గర్ల ఉన్న యూనివర్సిటీ ఇంకెక్కడుంది? వారాంతపు ఎంటెక్ అక్కడ పెట్టాలె. పీఎఫ్ చరిత్రకు తోడు పని చోట ఉన్న ఇంజినీరు ఒక పేజీ రాసిస్తే అనుభవం కింద లెక్కగట్టాలె. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త నిధులూ పెద్దగా అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. కార్మిక సంఘాలు గూడా బోనస్ చార్టర్‌ల ఈ ముక్క ఎందుకు చేర్చవో నాకు అర్థం కాదు, మా సంఘంతో సహా.

వికారపడి చదువు మానెయ్యకు అని వాడికి చెప్పిన. ఆదివారం మా ఇంటికొచ్చి కూసున్నడు. ముగ్గురు కాంట్రాక్టర్లకు మూడు లెటర్లు రాసినం. తేదీలు, చేసిన పని, 56వ సెక్షన్ పేరు పెట్టి, నకలు లేబర్ ఆఫీసుకు. సోమవారం పోస్టు చేసిండు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు జతపెట్టి. రాత్రి డ్యూటీకి పోయే బస్సుల గేట్ పాత పేపర్లు చదువుతున్నడట.

ఇప్పటికి రెండు కార్డులు తిరిగొచ్చినయి, సంతకాలతో. మూడోది "చిరునామాల లేరు" అని వచ్చింది. లెటర్లు ఇంకా రాలే.