తూచే రాళ్లకూ ముద్ర కావాలి

కిరాణా కొట్టులో తూకపు రాయి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడందే మా నాన్నగారు బియ్యం తూకం వేయించుకునేవారు కాదు. “తూచేదాన్ని ముందు తూచాలిరా” అనేవారు. కంప్యూటర్ సైన్సులో చేరాక గానీ ఆ మాట లోతు నాకు తెలిసిరాలేదు.

ప్రోగ్రామును నడపకుండానే, సోర్సు కోడు చదివి తప్పులెక్కడున్నాయో చెప్పే సాధనాలు నిన్నమొన్నటివి కావు. 1978లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం ‘లింట్’ రాశాడు. లింట్ అంటే బట్టకంటిన నూగు. నూగు దులిపినట్టు చిన్నచిన్న పొరపాట్లను దులిపేస్తుందని ఆ పేరు. ఈనాడు ఇలాంటి సాధనం ‘సరే’ అంటే గానీ కోడు ముందుకు కదలని కంపెనీలెన్నో! బాగానే ఉంది. కానీ ఆ సాధనమూ ఒక ప్రోగ్రామే కదా, దాని తప్పులెవరు పడతారు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మేం నలుగురం అలాంటి సాధనమొకటి రాశాం. విలువ ఇవ్వకుండా వాడేసిన వేరియబుల్స్‌ని పట్టుకోవడం దాని పని. డెమోకు రెండ్రోజుల ముందు ఒక పెద్ద ప్రోగ్రాము మీద నడిపితే ఒక్క తప్పూ చూపలేదు. సంబరపడిపోయి టీ తాగొచ్చాం. ఎందుకో అనుమానమొచ్చి మాలో ఒకడు కావాలనే ఒక తప్పు పెట్టి చూశాడు. అప్పుడూ నిశ్శబ్దమే! ముందురోజు మేం చేసిన మార్పు వల్ల, తనకు అర్థంకాని మొదటి లైను దగ్గరే అది ఫైలు వదిలేసి ‘తప్పులు లేవు’ అని తేల్చేస్తోంది. పేపరు తెరవకుండానే నూటికి నూరు వేసే ఎగ్జామినరన్నమాట!

ఆ రాత్రే కూర్చుని నలభై చిన్న ప్రోగ్రాములు రాశాం. సగం తప్పున్నవి, ఏ లైనులో ఏ తప్పో ముందే రాసి పెట్టాం. మిగతా సగం, చూడ్డానికి తప్పులా ఉన్నా నిజానికి సరైనవి. సాధనంలో ఒక్క అక్షరం మారినా ఈ నలభయ్యీ వాటంతటవే నడిచి, జవాబులు పోల్చి, తేడా వస్తే కేకెయ్యాలి. ఆ రెండో సగం ఎందుకంటారా? లేని తప్పులు చూపే సాధనం ‘నాన్నా, పులి’ కథలో కుర్రాడి లాంటిది. నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ వెనుదిరిగి చూడరు.

ఒక హెచ్చరిక. నిన్న వచ్చిన జవాబునే సరైనదిగా దాచుకుని రోజూ దానితో పోల్చుకునే అలవాటు చాలామందికి ఉంది. నిన్నటిదే తప్పయితే? మనం తప్పుకే కాపలా కాస్తున్నట్టు! సరైన జవాబేదో భాష నియమాలు చదివి మనిషే తేల్చాలి.

మనకు తోచిన తప్పులకే మనం పరీక్షలు రాయగలం. అందుకే అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారు సి ప్రోగ్రాములను ఇష్టానుసారంగా పుట్టించే ‘సీస్మిత్’ తయారుచేశారు. దానితో కంపైలర్లలో 325కు పైగా తప్పులు దొరికాయని 2011లో ప్రకటించారు. ఫ్రాన్సులో పుట్టిన ‘ఫ్రామా-సి’ అనే విశ్లేషణ సాధనాన్నీ దానితోనే పరీక్షిస్తే, అందులోనూ తప్పులు తేలాయి. వాటిని దాచుకోలేదు, సరిదిద్దుకుని 2012లో పత్రం ప్రచురించారు. అదీ పెద్దరికం!

“ఎంత పరీక్షించినా అన్ని తప్పులూ దొరుకుతాయా?” అని ఎవరైనా అడగవచ్చు. దొరకవు. ప్రోగ్రాముల ప్రవర్తన గురించి ఎప్పుడూ తప్పని తీర్పు చెప్పే యంత్రం అసాధ్యమని 1953లోనే హెన్రీ రైస్ రుజువు చేశాడు. 2012లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ విడుదలతో బయటికొచ్చిన ‘హార్ట్‌బ్లీడ్’ తప్పు 2014 ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. పేరున్న సాధనాలూ దాన్ని పట్టలేకపోయాయి. ఆ తర్వాతే అలాంటివి పట్టే ఉపాయాలు వాటిలో చేరాయి. జారిపోయిన ప్రతి తప్పూ రేపటి పరీక్షలో ఒక ప్రశ్న కావాలి. నేను కోరేది అంతే.

అధ్యాపకులకు నాదొక మనవి. ప్రాజెక్టు డెమో ఎంత ముచ్చటగా ఉందో చూసి మార్కులు వేయకండి. “నీ సాధనం ఎక్కడ బోల్తా పడుతుందో చూపించు” అని అడగండి. పరీక్షలకూ మార్కులివ్వండి. మిత్రులారా, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, రైళ్లలో నడిచే ప్రోగ్రాములను రేపు రాయబోయేది మనమే. ‘తప్పులు లేవు’ అని తెర మీద కనపడగానే చప్పట్లు కొట్టకండి. తూకపు రాయి తిప్పి చూడండి, ముద్ర ఉందో లేదో!