వెట్టికి ఎదురుతిరిగిన రోజు జూలై 4

సెప్టెంబర్ 17 దగ్గరపడిందంటే ఏటా ఒకటే పంచాయితీ. కేంద్రం హైదరాబాద్ విమోచన దినమంటుంది. 2024 మార్చిలో గెజిట్ కూడా తెచ్చింది. రాష్ట్రంలో 2022 నాటి ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, 2024 నాటిది ప్రజాపాలన దినోత్సవమంది. పేరు మీద ఇంతగా కొట్లాడేవాళ్లు తేదీని మాత్రం ప్రశ్నించరు. తెలంగాణ మెడలోని బానిస పలుపు ఆ రోజే తెగిందని అందరూ నమ్మేశారు. జనగామ పల్లెల చరిత్ర ఆ నమ్మకాన్ని ఒప్పుకోదు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దాడుల్లో నలిగిన ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అది చిన్న సంగతని నేననను. కానీ లొంగిన నిజామే 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దార్లకు పరిహారం దక్కింది. వెట్టి చేసి అరిగిపోయిన మనుషులకు ఎవరూ లెక్క కట్టలేదు. సైన్యం వెనకాలే దొరలు గడులకు తిరిగొచ్చారు. దొరలపై పోరాడిన లంబాడీ వీరుడు జాటోతు ఠానూ నాయక్‌ను చంపింది 1950లో, 'విమోచన' అయిన తర్వాత!

వెట్టి అంటే ఏమిటో మరిచిపోతున్నాం. చాకలి గడి బట్టలు ఉతకాలి, మూటలు మోయాలి. మాదిగ చెప్పులు కుట్టి ఉత్తగనే ఇవ్వాలి. గొల్లకుర్మలు అడిగినప్పుడల్లా గొర్రెను తోలాలి. దొర బిడ్డకు పెండ్లయితే ఆమె వెంట ఓ పేదింటి ఆడపిల్లను అత్తగారింటికి పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు సొంత బతుకంటూ ఉండేది కాదు. 'నీ బాంచెను' అన్న మాట సినిమాల్లో విని నవ్వుకునేవాళ్లకు చెప్పాలి: బాంచ అంటే బానిసే.

ఆ మాటకు ఎదురు మాట గట్టిగా లేచింది 1946 జూలై 4న, కడవెండిలో. ఆంధ్ర మహాసభ సంఘం ఊరేగింపు గడి దగ్గరికి రాగానే విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. ఆ తర్వాత కొన్ని వారాల్లోనే వందల ఊళ్లు, ఏ ఫర్మానా కోసమూ ఎదురుచూడకుండా, ఇక వెట్టి చేయమని తెగేసి చెప్పాయి. జనం గుంపులుగా ఊరి నుంచి ఊరికి నడిచి ఆ కబురు మోశారు.

కొమరయ్య చావుతో వెట్టి పోలేదు కదా, దాన్ని రద్దు చేసే చట్టం 1976లో కదా వచ్చింది అంటారు. నిజమే, ఆ చట్టం 1975 అక్టోబర్ 25 నుంచి వెట్టిని రద్దు చేసింది. ఆ లెక్కన సెప్టెంబర్ 17 అసలే నిలవదు. అమెరికాను చూడండి. బానిసల విముక్తిపై లింకన్ ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది, బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ సవరణ 1865 డిసెంబర్‌లో వచ్చింది. అయినా 2021లో జాతీయ సెలవు ఇచ్చింది జూన్ 19కి, అంటే 1865లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల చెవిన ఆ కబురు పడిన రోజుకు. నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా జరుపుకున్న రోజునే ప్రభుత్వం తనదిగా ఒప్పుకుంది. మన సర్కారు ఏప్రిల్ 3న కొమరయ్య జయంతి జరుపుతోంది. ఆయన ప్రాణమిచ్చిన రోజు మాత్రం మామూలు పనిదినం.

జూలై 4ను సెలవు చేయాలంటే, సెలవిస్తే ఏమొస్తుంది, అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలో ఇరుక్కున్న కూలీకి ఆ సెలవు దొరుకుతుందా అని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్న. అందుకే అడిగేది సెలవొక్కటే కాదు. 1976 చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ, ప్రతి డివిజన్‌కూ విజిలెన్స్ కమిటీ ఉండాలి. జూలై 4న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లు ఆ కమిటీలను జనం ముందు కూర్చోబెట్టాలి. ఏడాదిలో ఎందరిని విడిపించారు, ఎందరి చేతికి విడుదల పత్రం ఇచ్చారు, పునరావాసం సొమ్ము ఎందరికి చేరింది, అన్నీ పైకి చదివి వినిపించాలి. మొదటి సభ కడవెండిలో పెట్టాలి.