పాతబస్తీకి మెట్రో వస్తోంది.. మరి మడిగల వాళ్ల సంగతేంటి?

పాతబస్తీకి మెట్రో రావాలని ఇక్కడి జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మొదటి ప్లాన్‌లోనే జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు లైన్ ఉంది. కానీ 2020 ఫిబ్రవరి 7న ఆ లైన్ మొదలైనప్పుడు రైలు ఎంజీబీఎస్ వరకే వచ్చి ఆగింది. మూసీ దాటలేదు. హైటెక్ సిటీకి, ఎల్బీ నగర్‌కు మెట్రో వెళ్లింది కానీ, నగరం పుట్టిన చోటుకు మాత్రం రాలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లు, అంచనా ఖర్చు 2,741 కోట్ల రూపాయలు. రోడ్డు వెడల్పు కోసం తీసుకునే ఆస్తులకు గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారైంది. 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వడం, కూల్చివేతలు మొదలయ్యాయి.

ఇది మంచి వార్తే. అయితే చెక్కు ఎవరి చేతికి వెళ్తోంది, ఎవరి చేతికి వెళ్లడం లేదు అన్నది కూడా చూడాలి. పాతబస్తీ చూడటానికి జనం ఎందుకు వస్తారో అర్థమైతే ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఒకే రోడ్డు మీద ఎన్ని లోకాలు

మెట్రో దారి దారుల్‌షిఫా దగ్గర పాతబస్తీలోకి వస్తుంది. 1595లో కుతుబ్‌షాహీ సుల్తాన్ మొహమ్మద్ కులీ ఇక్కడ దవాఖానా కట్టించాడు. యునానీ వైద్యం చేస్తూ, విద్యార్థులకు నేర్పిన చోటు ఇది. ఆ పేరే బస్తీకి మిగిలింది. నేడు ఈ చుట్టుపక్కల షియా కుటుంబాలు, ఆషూర్‌ఖానాలు ఎక్కువ. మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా ఆలం ఊరేగింపు దారుల్‌షిఫా మీదుగానే చాదర్‌ఘాట్ చేరుతుంది.

అక్కడి నుంచి పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్ దాటితే మీర్ మోమిన్ దాయిరా. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చి, మొహమ్మద్ కులీ దగ్గర పేష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ ఇక్కడే నిద్రిస్తున్నాడు. 1591లో చార్మినార్‌ను మధ్యలో పెట్టి నాలుగు వైపులా రోడ్లు గీసిన నగరం ప్లాన్ వెనుక ఆయన ఆలోచన ఉందని చరిత్రకారులు చెబుతారు.

ఇంకాస్త ముందుకెళ్తే హరిబౌలి. అక్కన్న మాదన్న గుడి ఇక్కడే ఉంది. చివరి కుతుబ్‌షాహీ సుల్తాన్ తానాషా కొలువులో మంత్రులుగా ఉన్న అన్నదమ్ముల పేరు అది. ఆషాఢ బోనాల్లో ఈ గుడి నుంచి ఘటం ఏనుగు మీద బయలుదేరి నయాపూల్ వైపు సాగుతుంది. మొహర్రంలో ఆలం కోసం దారి ఇచ్చే దుకాణదారులే బోనాలకూ దారి ఇస్తారు.

తర్వాత శాలిబండ. నిజాంల దగ్గర ప్రధానిగా చేసి, 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాసిన మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఉన్న పేట ఇది. షంషేర్‌గంజ్, అలియాబాద్ దాటితే గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్. లైన్ చివర చాంద్రాయణగుట్ట, దాని పక్కనే బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల బారక్‌లే బార్కస్ అయ్యాయి. వాళ్ల ఇళ్లలోని హరీస్ నుంచే మన హలీమ్ వచ్చింది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు కూడా దక్కింది.

ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు, యెమెన్ నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మంత్రులు, ఉత్తరాది రాజా కుటుంబాలు.. ఈ 7.5 కిలోమీటర్లలో అందరి గుర్తులూ ఉన్నాయి. పెద్దగా ప్రచారం చేసే నాలుగైదు కట్టడాలే కాదు, ఈ మొత్తం వరుసే పాతబస్తీ ఆకర్షణ.

కట్టడాలు కాదు, కారోబార్

శుక్రవారం మక్కా మస్జిద్‌లో జుమా నమాజ్ అయ్యాక చార్మినార్ చుట్టూ నిలబడి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వచ్చినవాళ్లలో చార్మినార్ ఎక్కడానికి వచ్చినవాళ్లు కొందరే. ఎక్కువమంది కొనడానికి వచ్చినవాళ్లు. కర్నూలు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ నుంచి షాదీ సామాన్ల కోసం వచ్చే కుటుంబాలకు ఇది ఒకే రోజు పని. లాడ్ బజార్‌లో గాజులు, చార్‌కమాన్ దగ్గర ముత్యాలు, పత్తర్‌గట్టీలో బట్టలు, దారిలో అత్తరు, చివరికి బిర్యానీ.

ఈ బజారులో ఒకరి గిరాకీ ఇంకొకరి మీద ఆధారపడి ఉంటుంది. ముత్యాల దుకాణాలు ఎక్కువగా హిందూ వ్యాపార కుటుంబాలవి. గాజుల దుకాణాలు ఎక్కువగా ముస్లింలవి. పెళ్లికూతురికి రెండూ కావాలి. ఒకటి మూతపడితే రెండో దానికి వచ్చే గిరాకీ కూడా తగ్గుతుంది.

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గాజు దుకాణంలో తయారు కాదు. పాతబస్తీ గల్లీల్లోని చిన్న చిన్న ఇళ్లలో, లక్కను వేడి చేసి, చుట్టి, వేడి తగ్గేలోపు ఒక్కొక్క రాయి అతికిస్తే తయారవుతుంది. ఇంట్లో ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి చేసే పని ఇది. ఆ ఇల్లు బజారుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. పొద్దున ఆర్డర్ తీసుకుని సాయంత్రం సరుకు ఇచ్చే పని ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి సాగదు. జీఐ ట్యాగ్ గాజు పేరును కాపాడుతుంది. కారీగర్ కిరాయి ఇంటిని కాపాడదు.

లెక్క ఎక్కడ తేడా కొడుతోంది

రోడ్డు వెడల్పులో మొదట సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని మెట్రో అధికారులు అంచనా వేశారు. దారిలోని వందకు పైగా మతపరమైన, చారిత్రక కట్టడాలను పిల్లర్ల స్థానాలు సర్దుబాటు చేసి కాపాడతామని చెప్పారు. చార్మినార్ స్టేషన్ కూడా చార్మినార్‌కు దాదాపు అర కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. అంటే రాయికి, సున్నానికి చట్టం ఉంది. మనుషుల సంగతి చూద్దాం.

ఉదాహరణకు 70 గజాల ఇల్లు, కింద రెండు మడిగలు ఉన్నాయనుకుందాం. రోడ్డుకు 30 గజాలు పోతే గజానికి 81,000 చొప్పున భూమికే 24 లక్షల 30 వేలు వస్తాయి. యజమానికి ఇది నష్టమే అయినా చేతికి ఒక మొత్తం వస్తుంది. మెట్రో వచ్చాక మిగిలిన 40 గజాల విలువ కూడా పెరుగుతుంది.

ఆ రెండు మడిగల్లో ముప్పై ఏళ్లుగా టైలర్ షాపు, కిరాణా నడుపుతున్న కిరాయిదారులకు ఏం వస్తుంది? 2013 భూసేకరణ చట్టం వాళ్లను పూర్తిగా మర్చిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, బతుకుతెరువు పోగొట్టుకునే కిరాయిదారులు, చేతివృత్తులవాళ్లు కూడా 'ప్రభావిత కుటుంబం' కిందకే వస్తారు. నిర్వాసితులయ్యే చిన్న వ్యాపారికి, చేతివృత్తి కుటుంబానికి ఒకసారి ఇచ్చే గ్రాంటు కనీసం 25,000 రూపాయలని చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది. ఒక గజం భూమి ధరలో అది మూడో వంతు కూడా కాదు. కనీసం అన్నారంటే అంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చనే అర్థం. ఎంత ఇవ్వాలన్నది ప్రభుత్వం చేతిలోనే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. పాతబస్తీలో చాలా మడిగలు పగిడీ మీద నడుస్తాయి. ఎప్పుడో తాత ఇచ్చిన పగిడీ, నోటి మాట, నెలనెలా చేతికిచ్చే కిరాయి. కాగితం ఉండదు. మూడేళ్ల నుంచి అక్కడే ఉన్నానని నిరూపించాలంటే కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది. ట్రేడ్ లైసెన్సు తీసుకోని వాళ్లు చాలామంది. గోడ కూలిన రోజే పగిడీ కూడా పోతుంది.

యజమానుల ఇళ్లలోనూ సమస్యలు తక్కువేం కాదు. అబ్బా పోయి ఇరవై ఏళ్లయినా ఆస్తి ఆయన పేరు మీదే ఉన్న ఇళ్లు ఎన్నో. వారసుల మధ్య తగాదా ఉంటే పరిహారం సొమ్ము నేరుగా చేతికి రాదు, చట్టం ప్రకారం అథారిటీ దగ్గర జమ అవుతుంది. పై ఉదాహరణలోనే ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే వారసులైతే, షరీయత్ ప్రకారం ఒక్కో కొడుకుకు 9 లక్షల 72 వేలు, కూతురికి 4 లక్షల 86 వేలు. పెళ్లై వెళ్లిపోయింది కదా అని చెల్లెలి వాటా మర్చిపోతే అది చట్టం ముందూ, అల్లాహ్ ముందూ తప్పే. వక్ఫ్ ఆస్తి అయితే ముతవల్లీ ఒక్కడే సంతకం చేసే విషయం కాదు, వక్ఫ్ బోర్డుకు తెలియాలి.

ఉన్నది ఉన్నట్టు ఉంచితే సరిపోదు

ఈ ప్రశ్నలు అడిగితే 'అయితే మెట్రో వద్దంటారా' అనే మాట వస్తుంది. కాదు. పాతబస్తీని ఉన్నది ఉన్నట్టు వదిలేయమనడం కూడా న్యాయం కాదు. 2025 మే 18 ఆదివారం ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర ముత్యాల వ్యాపారుల ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. కింద దుకాణం, పైన ఇల్లు, బయటికి రావడానికి ఒకే ఇరుకు దారి. మొదట లోపలికి వెళ్లే ప్రయత్నం చేసినవాళ్లలో అక్కడి గాజుల దుకాణాల ముస్లిం యువకులున్నారు. ఇక్కడి కలిసి బతకడం అంటే అదే. కానీ ఇరుకు గల్లీలు, పాత వైరింగ్ మనుషుల్ని చంపుతాయన్నదీ నిజమే. వెడల్పు రోడ్డు, ఫైరింజన్‌కు దారి, చదువుకు, ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్లలకు భద్రమైన ప్రయాణం.. ఇవన్నీ పాతబస్తీకి రావాల్సినవే.

అందుకే అడగాల్సింది మెట్రో వద్దని కాదు. ఎలా అన్నది. దీనికి జవాబు ఈ నగరంలోనే ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఆ రోజుల్లోనే అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ వైపు రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు వేసి ఊరుకోలేదు. దాని పక్కన రాతి కమాన్లతో కింద దుకాణాలు, పైన గదులు వరుసగా కట్టారు. అదే పత్తర్‌గట్టీ. రోడ్డు ఖర్చూ, దుకాణాల ఖర్చూ ఒకే ప్లాన్‌లో వేసుకున్నారు. ఆ బజారు ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది కూడా పెద్ద కష్టమైనదేమీ కాదు. స్టేషన్ల కింద, పక్కన కట్టే దుకాణాల్లో కొన్నింటిని అదే దారిలో మడిగ పోగొట్టుకున్న కిరాయిదారులకు, కారీగర్లకు తట్టుకోగలిగే కిరాయికి కేటాయించొచ్చు. అన్నీ పెద్ద బ్రాండ్లకే వేలం వేస్తే చార్మినార్ స్టేషన్ దిగిన మనిషికి అమీర్‌పేట్‌లో దొరికేదే ఇక్కడా దొరుకుతుంది. అందుకోసం ఎవరూ ఇంత దూరం రారు. అలాగే కిరాయిదారుల సర్వే విడిగా జరగాలి, దాని జాబితా ఉర్దూలో, తెలుగులో బయట పెట్టాలి.

కుటుంబాలు కూడా ఆలస్యం చేయొద్దు. కిరాయిదారులు మూడేళ్ల కిరాయి రసీదులు, ఫోన్‌లో పంపిన డబ్బుల లెక్కలు, ట్రేడ్ లైసెన్సు, సరుకు బిల్లులు దగ్గర పెట్టుకోవాలి. యజమానులు వారసత్వ పత్రం, పాత దస్తావేజులు, హిబా జరిగి ఉంటే దాని కాగితాలు సరిచూసుకోవాలి. చెల్లెళ్లు, అక్కలు తమ వాటా గురించి అడగడానికి మొహమాటపడొద్దు.

మెట్రో రైలు శాలిబండ మీదుగా వెళ్లే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు కిటికీలోంచి చూస్తే చార్మినార్, మక్కా మస్జిద్, ఫలక్‌నుమా అక్కడే ఉంటాయి. వాటి నీడలో మూడు తరాలుగా దుకాణం నడిపిన టైలర్, గాజుల కారీగర్ కూడా ఉంటారా లేదా అన్నది ఇప్పుడు తయారవుతున్న జాబితాల్లోనే తేలుతుంది.