ఆకాశమార్గమున మన పాలు

సదుం మండలములోని యొక గ్రామస్థుడు తన యింటి అరుగుమీద కూర్చుండి, తంతి తీగ యక్కఱలేకుండ, సెల్‌ఫోను కంపెనీవారి స్తంభముతో నిమిత్తము లేకుండ, హైదరాబాదువానితోను సింహళద్వీపవాసితోను, ఆకాశ మనుకూలించిన దినమున జపానువానితోను సంభాషింపవచ్చును. ఇది కల్పన గాదు. అట్లు సంభాషించు నధికారమును ప్రభుత్వమే యొక పరీక్ష నేర్పఱచి, అందుత్తీర్ణులైనవారికి లైసెన్సు రూపమున నొసగుచున్నది. 1978 నాటి నియమావళి పండ్రెండేండ్లు నిండిన బాలునికి సైతము ఆ పరీక్షకు కూర్చుండు నర్హత నిచ్చినది. అయినను మన పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములలో చదువుకొన్నవారి యెదుట ఔత్సాహిక రేడియో అనినను, హామ్ రేడియో అనినను, పాటలు వినిపించు పెట్టెయే వారికి స్ఫురించును. ఈ అజ్ఞానమువలన మనకు గలుగుచున్న నష్టము చిన్నది కాదని మా యభిప్రాయము.

"చేతిలో సెల్‌ఫోనుండగా ఈ గొడవ యేల?" యని బుద్ధిమంతులే యడుగుదురు. ఈ ప్రశ్నకు నవంబరు 19వ తేది ప్రత్యుత్తర మిచ్చుచున్నది. 1977లో ఆ తేదినే దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. పదివేలకు తక్కువగాని జనులు మడిసిరి. తంతి స్తంభములు కూలిపోగా అక్కడి ఘోరము లోకమునకు తెలియుటకే కాలము పట్టినది. 2021లో మరల ఆ తేది తెల్లవారుజామున మన సీమలోనే చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయినవి. ఆ చెయ్యేరు పరాయి యేరు కాదు. మన మదనపల్లె కొండలమీద కురిసిన వాన బాహుదలో పడి చేరునది అందులోనే. ఎగువ కురిసిన వర్షపు వార్త దిగువకు నీటికంటె ముందుగా చేరవలయును. విద్యుచ్ఛక్తి ఆగిన కొన్ని గంటలకు సెల్‌ఫోను స్తంభమును మూగవోవును. ఆ మూగతనమున మాటలాడగల సాధన మొకటి, దానిని నడుపగల మనుష్యు డొకడు, ప్రతి మండలమునను ఉండవలదా? కారు బ్యాటరీతో నడచు యంత్రమును, రెండు చెట్లనడుమ కట్టిన తీగయును ఉన్నచో హామ్ పని సాగును. ఆనాడు హాములుండినచో ప్రాణములన్నియు దక్కియుండునని మేము వాదింపము. ఆపత్కాలమున పలుకుటకు రెండవ మార్గము లేని సీమ తన యదృష్టమును నమ్ముకొని బ్రదుకుచున్నదని మాత్రము చెప్పుదుము.

ఈ మార్గము పరీక్షకు నిలిచినదే. 2004 డిసెంబరులో హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థవారు అండమాను దీవులనుండి ప్రసారములు జరుపుటకు అనుమతి పడసి ఒక బృందమును పంపిరి. పదునేడేండ్లుగా ఆ దీవులనుండి హాముల పలుకు వినరాలేదు. శ్రీమతి భారతీ ప్రసాదు పోర్టుబ్లెయిరులో యంత్రమును నడుపుచుండగా 26వ తేది యుదయమున భూకంపమును, ఆ వెనుక సునామీయును వచ్చినవి. ఫోనులు పడిపోయినవి. వినోదముగా ప్రపంచపు హాములను పలుకరించుచున్న ఆ కేంద్రమే ఆ దినమునుండి క్షేమవార్తలకు వాహకమైనది. మెయిన్‌లాండున తమవారి కొఱకు విలపించువారికి "బ్రదికియున్నాడు" అను మాట దానిద్వారా చేరినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసినపుడును హైదరాబాదు హాములు తమ పెట్టెలు మోసికొని అచ్చటికి పోయిరి. వీరిలో నెవ్వరును ఈ పనికి జీతము తీసికొనువారు కారు. నియమములు దానిని సమ్మతింపవు కూడ.

ఇక ఈ లైసెన్సు చరిత్ర చూతము. న్యాయవాద వృత్తిలోనున్నవారికి ఇందు ఆసక్తికరమైన విషయము కలదు. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తు ఈ దేశమున మొదటి ఔత్సాహికుడుగా లైసెన్సు పొందెను. 1924లో చెన్నపట్టణమున సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మిత్రులతో కలిసి ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు సాగించిరి. మన సర్కారు రేడియోకంటె అది ముందటిది! ధనాభావమున 1927లో ఆ క్లబ్బు మూతపడగా దాని యంత్రము చెన్నపట్టణపు కార్పొరేషనువారికి దక్కినది. ఔత్సాహికుల ఉత్సాహమే ఈ దేశమున ప్రసారవిద్యకు తొలిమెట్టు. పరప్రభుత్వము దానినెట్లు చూచినది? 1933 నాటి నిస్తంత్రీ శాసనము, లైసెన్సు లేక యంత్రమును దగ్గఱ నుంచుకొనుటనే నేరముగా నిర్ణయించినది. వాడినను వాడకున్నను ఒకటే. 1939లో యుద్ధము వచ్చిన వెంటనే హాములు తమ ట్రాన్సుమిటర్లను పోలీసులకు అప్పగింపవలసినదని యుత్తరువైనది.

ఆ భయము నిష్కారణము కాదని 1942 ఋజువు చేసినది. ఆగస్టు ఉద్యమమున నాయకులందఱును చెఱసాలల పాలై, పత్రికల నోరు కట్టివేయబడిన వేళ, ఇరువది రెండేండ్ల ఉషా మెహతాయును ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నెలకొల్పిరి. 42.34 మీటర్లపై ఆ కంఠము వినవచ్చినది. యంత్రము నమర్చినవాడు రేడియో విద్య నెఱిగిన నారిమన్ ప్రింటరు. ఇండ్లు మార్చుచు, వెదకు బండ్లను తప్పించుకొనుచు నవంబరు 12 వరకు నడపిరి. ఆ రాత్రి పట్టుబడిరి. ఉషా మెహతాకు నాలుగేండ్ల కారాగారశిక్ష పడెను. యంత్రము నమర్చిన ఆ మనుష్యుడే తుదకు పోలీసులకు జాడ తెలిపెనన్నది ఈ కథయందలి చేదు. దానిని దాచి వీరగాథ వ్రాయుట మాకిష్టము లేదు.

లైసెన్సు లేని ఆ ప్రసారమును కీర్తించు మేము నేడు "లైసెన్సు తీసికొనుడు" అని బోధించుట విరుద్ధముగా తోచవచ్చును. విరుద్ధము కాదు. నాడు చట్టము చేసినవారికి మన సమ్మతి లేదు. నేడు చట్టము మనది. మనదైన చట్టమునకు లోబడుటతోపాటు దానిలోని లోపములను గట్టిగా చెప్పుటయు మన పనియే. ఆ లోపములలో మొదటిది పరప్రభుత్వము విడిచిపోయిన అనుమానము. 1933 శాసనము స్వాతంత్ర్యానంతరమును దశాబ్దములపాటు నిలిచినది. దాని స్థానమును, 1885 నాటి తంతి శాసనపు స్థానమును తీసికొనుటకు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినది. ఇంతకాలమును పరీక్షలో నెగ్గిన విద్యార్థి తన నడవడినిగూర్చి పోలీసువారి విచారణ ముగియుటకై నెలలకొలది వేచియుండెడివాడు. ఆ నెలలలో ఎందఱి యుత్సాహము చల్లాఱినదో! ఇపుడు దరఖాస్తులు ఇంటర్నెట్టుమీద పెట్టుకొను సదుపాయము కలిగినది. ఇందుకు ప్రభుత్వము నభినందింతుము. కాని పరీక్షలు ప్రధానముగా మహానగరములయందే జరుగుచు వచ్చినవి. చెన్నపట్టణమునకో, బెంగళూరునకో, హైదరాబాదునకో పోవలెనన్న సదుం బాలునికి రానుపోను బస్సు చార్జీలును, వెంటవచ్చు తండ్రికి ఒకటి రెండు దినముల కూలి నష్టమును పరీక్షరుసుమునకు అనేక రెట్లగును. చదువవలసిన పుస్తకములలో నధికభాగము ఇంగ్లీషుననే యున్నవి. విద్యుత్ప్రవాహము, నిరోధము, తరంగదైర్ఘ్యము అను మాటలు తెలుగు బడిలో నేర్చిన పిల్లవానికి ఆ విషయమే పరభాషలో పరాయిదగుచున్నది. పరీక్ష కఠినమా యనిన, కాదు. సామాన్య విద్యుచ్ఛాస్త్రము, నియమములు, ఇంతియే. మోర్సు సంకేతములను ఆ నియమావళి పైతరగతి లైసెన్సునకు మాత్రమే కోరినది.

పరికరముల సంగతి. "ధనికుల వేడుక" యను నపవాదు ఈ విద్యకు చిరకాలముగా నున్నది. విదేశయంత్రములపై సుంకము 1984లో తీసివేయు వరకు ఆ మాటలో నిజమును ఉండెను. ఇపుడు లేదు. లేకుండ చేసినవారు తెలుగుదేశమువారే యని చెప్పుటకు సంతోషించుచున్నాము. హైదరాబాదు నివాసి అష్‌హర్ ఫర్హాన్‌గారు ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో బిటెక్స్ అను యంత్రమును రూపొందించిరి. వినుటకును పలుకుటకును ఒకే మార్గమున సంకేతము ఇటునటు పోవునట్లు కూర్చుట దాని యుపాయము. అందుచేత విడిభాగములు సగమునకు తగ్గినవి. రేడియో మరమ్మతు కొట్టులో దొరకు సామాన్య ట్రాన్సిస్టర్లతో అది తయారగును. తీగచుట్టలకు తగిన ఖరీదైన అయస్కాంత వలయములు దొరకనిచో నీళ్ల కొళాయి వాషరుమీద చుట్టుకొనుడని ఆయన వ్రాసిరి! తరువాత బిటెక్స్40 అను సిద్ధపు పలకను 2016లో వెలువరించి స్వల్పమైన వెలకు లోకమంతటికి పంపిరి. అందలి తీగచుట్టలను హైదరాబాదు స్త్రీలు చేతితో చుట్టిరి. అమెరికా హాములు కొని ప్రశంసించిన ఈ యంత్రము శక్తి సుమారు 7 వాట్లు. మన వసారాలో వెలుగు ఎల్‌ఈడీ దీపమునకంటె తక్కువ. నూలు వడకుటను స్వరాజ్యసాధనముగా నెంచినవారి మనుమలకు ఈ రాగితీగ చుట్టుట తక్కువ పని కానేరదు.

ఇందుకు భిన్నమైన దృశ్య మొకటి కలదు. ఇంటర్నెట్టు అంగళ్లలో వాకీటాకీలను ఆటవస్తువులవలె కొని, తిరునాళ్లలోను పెండ్లిండ్లలోను కొండ యెక్కు యాత్రలలోను వాడువారు పెరిగిరి. ఆ యంత్రములలో ననేకము హాములకు కేటాయింపబడిన తరంగములమీదను, ఒక్కొక్కయెడ పోలీసువారి తరంగములమీదను పలుకును. లైసెన్సు అక్కఱయని చెప్పకయే అమ్ముచున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ ఆ అంగళ్లకు నోటీసులిచ్చినది. 446 మెగాహెర్ట్జులయొద్ద పలుకు తక్కువశక్తి యంత్రములకు 2018లో మినహాయింపు లభించిన మాట నిజమే. దుకాణదారు చూపు ప్రతి పెట్టెయు అట్టిది కాదు. వేయి రూపాయల యంత్రము కొని కోర్టు మెట్లెక్కవలదని యువకులకు మా హితవు. తెలియక చేసితిననుట మేజిస్ట్రేటు వినడు.

లైసెన్సు కలవారు ఆకాశమున మెలగు తీరు ప్రత్యేకముగా గమనింపదగినది. ముందు వినవలయును. ఆ తరంగముపై మఱియొకరు మాటలాడుచున్నారేమో తెలిసికొనక నోరు విప్పుట హాములలో మర్యాద కాదు. పిదప "సీక్యూ" యని లోకమునంతటిని పిలిచి, తనకు ప్రభుత్వమిచ్చిన పిలుపుపేరు చెప్పవలయును. మన దేశపు పేర్లు చాలవఱకు వీయూ అక్షరములతో మొదలిడును. సంభాషణ యారంభమునను అంతమునను ఆ పేరు చెప్పక తప్పదు, మాఱుపేరునకు చోటులేదు. ప్రతి సంభాషణమును కాలముతో సహా పుస్తకమున వ్రాసికొనవలయును. వ్యాపారము మాటలాడరాదు, పాటలు పాడరాదు, రహస్యభాష పనికిరాదు, రాజకీయము కూడదు. (ఈ తుది నిషేధము కొన్ని దినములు మా కార్యాలయమునకును వర్తించిన మిత్రులు సంతోషింతురేమో!) సెలవు తీసికొనునపుడు "73" అందురు, శుభాకాంక్షలని యర్థము. దూరదేశపువానితో మొదటిసారి మాటలాడినచో ఇరువురును కార్డులు పంపుకొందురు. జిల్లా జడ్జి కుమారుడును, రేడియో మరమ్మతు చేయువాడును ఒకే తరంగముమీద ఒకరి పిలుపుపేరు నొకరు గౌరవముతో పలుకుదురు. కులమేది, ఉద్యోగమేది యని యడుగు నలవాటు అక్కడ లేదు. మన సభలలో నొకరి మాట మఱియొకరు వినని నేటి స్థితిలో, ఒకరు ముగించి "ఓవర్" అనువఱకు రెండవవాడు పలుకజాలని ఈ యేర్పాటు మా కెంతయు నచ్చినది.

మన సీమకు ప్రకృతి యిచ్చిన వసతి కూడ కలదు. చేతియంత్రములు వాడు పొట్టి తరంగములు చూపుమేర పోవునేకాని కొండల నెక్కి దిగజాలవు. సదుం, సోమల వైపు గుట్టల చాటున అవి ఆగిపోవును. కాని నాలుగువేల యడుగులకు మించిన హార్సిలీకొండ మన నెత్తిమీదనే యున్నది. అచట అనుమతితో నొక పునఃప్రసార యంత్రము నిలిపినచో, ఈ గుట్టలలో నెన్నిటి చాటుననున్న మాటయో ఆ కొండ నెక్కి అవతలికి దిగగలదు. దూరదేశముల సంగతి వేఱు. 7 మెగాహెర్ట్జుల ప్రాంతపు తరంగములు పైయాకాశపు పొరను తాకి మరల భూమికి వంగివచ్చును గనుక వానికి కొండలు అడ్డుగావు. మన పొరుగున శ్రీహరికోటనుండి 2005 మే 5న కార్టోశాట్‌తోపాటు పైకిపోయిన హామ్‌శాట్ అను 42.5 కిలోల ఉపగ్రహము కేవలము ఔత్సాహికుల కొఱకు చేసినది. 2014 వఱకు ప్రపంచపు హాములు దానిద్వారా మాటలాడిరి. ఉపగ్రహమును పైకి పంపిన సీమకు, దానితో మాటలాడు విద్యపై పట్టు లేకపోవుట వింతగానే యున్నది.

కావున మా కోరికలు కొద్దివి. ఏటికొకసారి మదనపల్లెలోగాని తిరుపతిలోగాని పరీక్ష జరుపవలయును. దానికి వలయు పాఠములను తెలుగున నచ్చువేయించుటకు హైదరాబాదు సంస్థవారు పూనుకొనవలయును. నియమములు విద్యాలయములకు సంఘముపేర లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించినవి. మదనపల్లెలోని బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలవారు ముందుగా దరఖాస్తు చేసినచో తక్కిన కళాశాలలు అనుసరించును. పోలీసు విచారణకు ఇన్ని దినములని గడువు విధింపవలయును. రెవిన్యూ అధికారులు వఱదల కొఱకు తయారుచేయు పత్రములలో ఫోను నంబర్లకు ప్రక్కన లైసెన్సుదారుల పిలుపుపేర్లును చేర్చవలయును.

సదుం, సోమల, చౌడేపల్లె, పుంగనూరు, కుప్పము పఠనమందిరముల కార్యదర్శులు పరీక్షకు కూర్చుండ గోరు వారి సంఖ్యను, వయస్సులను మాకు వ్రాసి పంపవలయునని ప్రార్థించుచున్నాము. పేర్లు అక్కఱలేదు. ఏబదిమంది తేలినచో, పరీక్షను మన తాలూకాకు తెప్పించు మహజరును మేమే వ్రాసి, వారి సంతకములు సేకరించి, ఢిల్లీకి పంపుదుము.