అటక కింద ఎవరున్నారు?

మా కాలేజీలో ఏ కాగితమైనా మూడు నెలలు కదలకపోతే అది అటకెక్కిందంటాము. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతూ ఈ జాతీయాన్ని ఎన్ని వందలసార్లు వివరించి వుంటానో లెక్క లేదు. కాని అటకెక్కినది వొక్కొక్కప్పుడు దిగి కూడా వస్తుందనీ, ఆ దిగడం నిచ్చెన మీదుగా కాక తిన్నగా నెత్తిమీదికే వుంటుందనీ నాకు మొన్న మాఘమాసంలోనే తెలిసింది.

మాది వేంపల్లె. యింటి పక్కన పద్ధెనిమిదడుగుల పొడుగు, పదకొండడుగుల వెడల్పు గల కొట్టం వొకటి వుంది. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, పైన ఆస్బెస్టాస్ రేకులు. మా నాయన కాలంలో అందులో ఎడ్లుండేవి. వూళ్ళో ట్రాక్టరు బాడుగకు దొరకడం మొదలయ్యాక 1998లో ఆయన ఎడ్లను అమ్మేశాడు. తరువాత కొన్నేళ్ళకు ఎడ్లు నిలిచిన చోటనే నా మారుతి 800 వచ్చి నిలిచింది. 1983 చివర పుట్టి 2014లో తయారీ ఆగిపోయిన ఆ చిన్నకారు పొడుగు పదకొండడుగులు నిండదు, వెడల్పు అయిదడుగుల లోపు. అంచేత కారు వెనక ఏడడుగుల జాగా మిగిలింది. అంతటితో కొట్టం పేరు గ్యారేజీ అయింది. ఫ్రెంచి భాషలో వొకదాన్ని భద్రమైన చోట చేర్చడం అనే క్రియలోంచి పుట్టిన మాట అది. భద్రం సంగతి ఆపైన చెబుతాను.

మధ్యతరగతి యింట్లో జాగా మిగిలితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. నేలంతా నిండింది. అప్పుడు నాకు నా చేతులమీద నమ్మకం పుట్టి, గోడకూ గోడకూ మధ్య రెండు నీలగిరి వాసాలు దూర్చి, పైన పలకలు పరిచి అటక కట్టాను. విరిగిన వూయల తొట్టి, పెళ్ళినాటి గుండిగలు, మా నాయన వాడిన కాడిమాను, గొర్రుపళ్ళు, అన్నిటికీ మించి నా పిహెచ్.డి. కాగితాలు దానిమీదికి చేరాయి. ఆ పరిశోధన విషయం ఏమనుకున్నారు? మా ప్రాంతపు సేద్యపు పనిముట్ల పేర్లు! భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటాన్ని చూసి వుత్సాహపడి, నేనూ పల్లెలు తిరిగి మాటలు పోగుచేశాను. పెళ్ళయింది, పిల్లలయ్యారు, పరిశోధన అక్షరాలా అటకెక్కింది.

ఆ రోజు ఉదయం మా అమ్మ కొట్టంలో నీడపట్టున కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నది. అది ఆమె రోజూ కూర్చునే చోటు. వీధిలో పెరుగమ్మే ఆమె కేకవేస్తే లేచి వెళ్ళింది. వాకిలి దాటిందో లేదో, వెనక పిడుగుపడ్డట్టు చప్పుడు. నేను పరుగెత్తుకువెళ్ళేసరికి శనక్కాయల చేట కనిపించలేదు. దానిమీద నా కాగితాల కట్టలు, కట్టలమీద కాడిమాను పడివున్నాయి. అమ్మ పెరుగు గిన్నె పట్టుకుని తిరిగివచ్చి, కాసేపు వూరికే చూసి, "నా చేట యాడికి పోయిందిరా?" అన్నది. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

మర్నాడు వడ్ల ఆచారిని పిలుచుకువచ్చాను. ఆయన మా నాయన మడకలు చెక్కిన మనిషి. వాసం చివర గోటితో గీరితే పిండి రాలింది. "చెదలు, అయ్యవారూ. గోడలోని మట్టిలోంచే దారి చేసుకున్నాయి. బయట మీకేం కనపడ్తాది?" అన్నాడు.

"మా అవ్వగారి యింట్లో అటక ఎనభై యేళ్ళున్నది గదా?" అన్నాను, నా తప్పును తక్కువ చేసుకోవడానికి.

"అది పొయ్యి పైన వుండె గదా!" అన్నాడు.

ఆ వొక్క మాటతో నాకు పాఠం అర్థమయింది. వెనకటివాళ్ళు విత్తనాలనూ తాటాకు గ్రంథాలనూ వంటింటి అటకమీద పెట్టింది ఎత్తును చూసి కాదు, పొగను చూసి. రోజూ రెండు పూటలా తగిలే పొగ పురుగును రానిచ్చేది కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తరువాతి కాలంలో పండితులచేత వెతికించి ప్రతులు రాయించిన తెలుగు గ్రంథాలలో, యిలా పొగచూరి బతికినవి ఎన్ని వున్నాయో! మనం పొగను వదిలేసి అటకను మాత్రం వుంచుకున్నాము. పైపెచ్చు మన పల్చని పలకలమీద వేసే బరువెంతో లెక్క చూసుకోము. అడుగెత్తు కాగితాల దొంతర పధ్నాలుగు కిలోల దాకా తూగుతుంది. నా పాండిత్యం అలాంటి దొంతరలు తొమ్మిది.

ఈసారి చెక్క వద్దు, కడప బండే పరుస్తానన్నాను. మనకు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపునుంచి కావలసినంత బండ వస్తుంది. మహారాష్ట్రంలో వంటింటి గట్టు బండను 'కడప్పా' అనే పిలుస్తారట గదా అని కాస్త గర్వం కూడా పోయాను. ఆచారి నవ్వి లెక్క చెప్పమన్నాడు. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం గల బండ నూటపది కిలోలు దాటుతుంది. రాయి తనమీద పడే అణుపును ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, వంపును ఓర్వదు. చెక్క విరిగేముందు వంగి, మూలిగి చెబుతుంది. రాయి చెప్పదు. "బండ కిందుంటే బలం, పైనుంటే గండం" అని తేల్చేశాడు.

అంచేత పని యిలా జరిగింది. మట్టిగోడలో బోల్టులు నిలవవు గనక గోడను నమ్మలేదు. వెల్డింగు అబ్బాయిచేత ఇనుప యాంగిళ్ళతో నాలుగు కాళ్ళ చట్రం చేయించి, వెనకగోడకు నాలుగంగుళాలు ఎడంగా నిలబెట్టాము. చెదల దారి గోడమీద మొలిస్తే కంటికి కనపడాలని ఆ ఎడం. చట్రం వూగకుండా ఏటవాలు పట్టీలు వేయించాము. రేకులకు మాత్రం చిల్లు పెట్టలేదు, కొక్కెం తగిలించలేదు. వాటిలో వుండే రాతినారను వొకప్పుడు మా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలోనే తవ్వేవారు. దాని దుమ్ము వూపిరితిత్తులకు చేటు.

చట్రానికి పైన, ఆరున్నర అడుగుల ఎత్తున అటక. కింద పనిబల్ల. బల్ల ఎత్తుకు ఆచారి టేపు తీయలేదు. నన్ను నిటారుగా నిలబెట్టి, చేతులు వేలాడేయమని, మణికట్టు దగ్గర గుర్తు పెట్టాడు. అంతకన్న ఎత్తయితే భుజాలు, తక్కువైతే నడుము నొప్పిపెడతాయట. నేను అటకకు తెచ్చిన బండను బల్లకు పరిచాము. కోతపెట్టినా చిత్రికపట్టినా యిప్పుడది కదలదు. సుత్తిదెబ్బకు పగలకుండా దానిమీద వేపపలక వేశాము. కారు బ్యాటరీని ఆ బండకు దూరంగా వుంచాము. అది సున్నపురాయి గనక ఆసిడ్ చుక్క పడితే నురుగెత్తి గుంటపడుతుంది.

యిక ఏది పైకి, ఏది కిందికి? మా ఆవిడ వొక చట్టం చేసింది. వొంటిచేత్తో దింపలేనిది పైకి పోకూడదు. రంగు డబ్బాలు, కిరసనాయిలు, పెట్రోలు పైకి అసలే పోకూడదు. మా వేసవిలో రేకు కింద వేడి ఎట్లా వుంటుందో మీరు వూహించుకోవచ్చు. దీపావళి ప్రమిదల బుట్ట, ఖాళీ సూట్‌కేసు, దోమతెర పైకి వెళ్ళాయి. గుండిగలు కింద గోడవారకు వచ్చాయి.

చివరకు కాడిమాను మిగిలింది. తుమ్మచేవ గనక చెదలు దాని జోలికి పోలేదు. కాడిని గురించి నేను రాసిన కాగితాలను తిన్నాయి గాని కాడిని తినలేదు! మా ఆవిడ ఏమీ అనలేదు. నేనే, "వొక్కటే గదా, తాడుతో గట్టిగా కట్టి పైన పెట్టేద్దాం" అన్నాను.

"వద్దురా," అన్నది అమ్మ. "పైన పెట్టింది దేవునికి కనపడ్తాదేమో గానీ మనిషికి కనపడదు. మీ నాయన పోయినాక దాన్ని నేను చూసింది మొన్న కిందపడినప్పుడే."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆచారి కాడిని అటూ యిటూ తిప్పి చూసి, బల్ల ముందంచుకు అడ్డంగా బిగించాడు. ఎడ్ల మెడలు రాసి నునుపెక్కిన భాగం యిప్పుడు సరిగ్గా నా నడుముకు ఆనుతుంది.

బల్లమీద మొదటి పని అమ్మదే. ఆమె కత్తిపీట కాలు రెండేళ్ళుగా వూగుతున్నది. చెప్పినప్పుడల్లా రేపంటూ వచ్చాను. గట్టి చీల చెక్కి బిగించడానికి పట్టింది పావుగంట. యిచ్చి వచ్చి, చెదలు మిగిల్చిన కాగితాలు బల్లమీద పరిచాను. కాడికి సంబంధించిన మాటలు పోయాయి గాని, అవి తెలిసిన మనిషి పక్కనే శనక్కాయలు వొలుస్తున్నది. "అమ్మా, కాడికి ఎడ్లను కట్టే ఆ పలుపును ఏమనేవాళ్ళే?" అని మొదలుపెట్టాను.

మీ యింట్లోనూ వొక అటక వుండే వుంటుంది. దానిమీద ఏమున్నదో తరువాత చూద్దురుగాని. ముందు దాని కింద రోజూ ఎవరు కూర్చుంటారో వొకసారి చూడండి.