నిప్పు రాజధానిలో... సెగ కొండ మీద

2025 సెప్టెంబరు 9. పశుపతినాథుణ్ని దర్శించుకున్నారు. ముక్తినాథ్ వెళ్లొచ్చారు. రుద్రాక్షలు కొన్నారు. ఇక ఇంటిదారి పట్టడమే అనుకుంటున్న యాత్రికులకు ఖాట్మండులో ఆ మధ్యాహ్నం పిడుగులాంటి కబురు... విమానాశ్రయం మూసేశారు!

అయిదు రోజుల ముందు మొదలైన గొడవ అది. ఫేస్‌బుక్, యూట్యూబ్ సహా 26 సామాజిక మాధ్యమాలను నేపాల్ ప్రభుత్వం సెప్టెంబరు 4న నిషేధించింది. నాయకుల అవినీతి మీద అప్పటికే ఉడికిపోతున్న కుర్రకారు 8న వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్కరోజే 19 మంది ప్రాణాలు పోయాయి. మర్నాడు ప్రధాని కె.పి.శర్మ ఓలి గద్దె దిగారు. అదే రోజు పార్లమెంటు భవనం, సింహదర్బారు తగలబడ్డాయి. హిల్టన్ హోటల్ మంటల్లో చిక్కుకుంది. మరో హోటల్లో మంటల నుంచి తప్పించుకోబోయి ఓ భారతీయ యాత్రికురాలు ప్రాణాలు కోల్పోయింది.

తెలుగువాళ్లే రెండు వందల మందికి పైగా అక్కడ చిక్కుకుపోయారు. బయట కర్ఫ్యూ. గదిలో ఉందామంటే హోటళ్లకే నిప్పు పెడుతున్నారన్న భయం. 10న విమానాశ్రయం తెరుచుకుంది. 11న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక విమానం విశాఖ, తిరుపతిలకు చేరాక కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి.

యాత్రికుడి కష్టం మూడు రోజుల్లో తీరింది. మరి, ఆ యాత్రికుడి మీదే బతికేవాడి సంగతి?

నేపాల్‌లో వానలు తగ్గి, కొండలు తేటపడేది సెప్టెంబరు చివర్లోనే. అక్టోబరు, నవంబరు నెలలే ట్రెక్కింగుకు అసలైన అదను. బరువులు మోసే కూలీ, దారి చూపే గైడు, కొండదారిలో నాలుగు గదుల లాడ్జీ నడిపే ఇల్లాలు... ఏడాది ఖర్చుల్లో పెద్దభాగం ఆ రెండు నెలల్లోనే సంపాదించుకోవాలి. సరిగ్గా దాని ముంగిట్లో రాజధాని తగలబడింది. 2024 సెప్టెంబరులో 96 వేల మంది దాకా విదేశీయులు వస్తే, 2025 సెప్టెంబరులో వచ్చింది 78 వేల పైచిలుకే. గొడవ జరిగిన చోటికి వందల కిలోమీటర్ల దూరంలో, ఒక్క రాయి కూడా పడని ఊళ్లలోనూ గదులు ఖాళీగా ఉండిపోయాయి. దూరాన ఉన్నవాడికి టీవీలో కనిపించే మంట దేశమంతటిదీ కదా!

నేపాల్‌కిది కొత్త కాదు. 1999లో ఆ దేశానికి 4.91 లక్షల మంది పర్యాటకులు వచ్చారు. ఆ డిసెంబరులోనే ఖాట్మండు నుంచి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయింది. 2001 జూన్‌లో రాజకుటుంబం హత్యకు గురైంది. మరోవైపు మావోయిస్టుల పోరు. కొండదారుల్లో వాళ్లు ట్రెక్కర్లను ఆపి 'పన్ను' వసూలు చేసి, రసీదు కూడా చేతిలో పెట్టేవారు! 2002 నాటికి పర్యాటకులు 2.75 లక్షలకు పడిపోయారు. 2006 నవంబరులో శాంతి ఒప్పందం కుదిరాక, 2007లో గానీ 1999 నాటి లెక్కను దాటలేకపోయింది. అంటే ఎనిమిదేళ్లు!

ఈసారి అలా జరగలేదు. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కి 12న తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. వీధులు సద్దుమణిగాయి. 2025 అక్టోబరులో 1.28 లక్షల మంది వచ్చారు, అంతకుముందు ఏడాది అక్టోబరు కన్నా కాస్త ఎక్కువే. పర్యాటకుడు ఒక్కరోజు మంటను మర్చిపోతాడు. ఎప్పుడు ఆరుతుందో తెలియని మంటనే మర్చిపోడు.

వెళ్లేవాళ్లూ కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. చాలా బీమా పాలసీల్లో అల్లర్లు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. సంతకానికి ముందే చదువుకోవాలి. మన రాయబార కార్యాలయం నంబరును కాగితం మీద రాసుకోవాలి. ఏటీఎంలు మూతపడ్డా రెండు రోజులు గడిచే నగదు దగ్గరుంచుకోవాలి. గొడవ మొదలైతే ఫొటోల కోసం వీధిలోకి పోకూడదు.

చల్లబడ్డాక మాత్రం వెనకాడక్కర్లేదు. కొండ మీది లాడ్జీలో ఆ ఇల్లాలు పొయ్యి వెలిగించి ఎదురుచూస్తూ ఉంటుంది.